గుంట అద్దం

అనకాపల్లి బడిలో ఆ పూట అద్దాల పాఠం. అమ్మవారు పోసి తగ్గాక తొలిసారి బడికొచ్చిన చిన్నమ్మలు, మాస్టారిచ్చిన, లోపలికి వంగిన గుంట అద్దంలో ముఖం చూసుకుని, దాన్ని బల్లమీద బోర్లించేసింది.

“ఏటయింది?”

“ఇంటికెళిపోతాను మాస్టారూ. మరి బడికి రాను.”

“ఎందుకే?”

“మచ్చలు సింతగింజలంతేసి ఉన్నాయి.”

“ఇంట్లో అద్దం చూసుకోలేదా?”

“మాయమ్మ దాసేసింది. ఇందుకే కామోసు.”

“ఓసి పిల్లా, గుంట అద్దం దగ్గరగా పెడితే నా ముక్కూ గుమ్మడికాయే! ఇదిగో, చదును అద్దం. ఉన్నది ఉన్నట్టే చూపిస్తుంది.”

“ఇందులో మచ్చలుండవా?”

“ఉంటాయి.”

“అయితే సూడను.”

“నీ ఇష్టం. అద్దం ఇక్కడే పెడుతున్నాను.”

చిన్నమ్మలు అద్దం తీసి చాలాసేపు చూసుకుంది.

“ఇంతేనా?”

“అంతే.”

“అయితే పాఠం సెప్పండి మాస్టారూ.”