వార్డు వార్డునూ పిలిచిన గొంతు

1989 మార్చి ఆరవ తేదీ సోమవారం నాడు శ్రీమతి మహిమ గారు ఖమ్మం పురపాలక కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా ఉద్యోగంలో చేరారు. ఈ అక్టోబరు ముప్పై ఒకటిన ఇప్పలవాగు పురపాలక సంఘం మేనేజరుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల మధ్య ఆమె నిర్వహించిన బాధ్యతలను గురించి సహోద్యోగులు ఈ వీడ్కోలు సంచికలో వేర్వేరు వ్యాసాల్లో ప్రస్తావించారు. కౌన్సిల్ సమావేశాలను గురించి రాయవలసిందిగా సంచిక సంఘం వారు నన్ను కోరారు. హాల్లో ఎడమ గోడ వెంట ఉండే విలేకరుల బెంచీ మీద కూర్చుని ఆమె గొంతు విన్నవాణ్ణి కనుక అంగీకరించాను.

మహిమ గారు తల్లాడ మండలంలోని ఒక పల్లెలో అంతోనయ్య, ఇన్నమ్మ దంపతులకు జన్మించారు. తండ్రి జిన్నింగ్ మిల్లులో కాటా దగ్గర పనిచేసేవారు. తల్లి మిరప తోటలకు కూలికి వెళ్లేవారు. ఆదివారం పూజలో బైబిలు వాక్యం చదివే పనిని ఊరి గుడిలో మహిమ గారికి చిన్న వయసులోనే అప్పగించారు. మైకు లేని గుడి అది. ఇన్నమ్మ గారు కావాలనే చివరి వరుసలో, ద్వారం పక్కన కూర్చునేవారు. మాట అక్కడిదాకా అందకపోతే చెయ్యెత్తేవారు. అప్పుడు ఆ వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచి చదవాలి. "అందరూ కళ్లు మూసుకుని వినేటోళ్లు. నేను మాత్రం అమ్మ చెయ్యి చూసుకుంట చదివేదాన్ని" అని మహిమ గారు ఒకసారి చెప్పారు.

ఖమ్మంలో జనన మరణాల నమోదు విభాగంలోనూ, తరువాత సత్తుపల్లిలో ఆస్తిపన్ను విభాగంలోనూ, మధిరలో పారిశుద్ధ్య విభాగంలోనూ పనిచేసి, ఇప్పలవాగు నగర పంచాయతీగా మారిన మరుసటి ఏడాది, 2012లో, సీనియర్ అసిస్టెంటుగా ఇక్కడికి వచ్చారు. కౌన్సిల్ విభాగం ఆమెకు దక్కింది. దానికోసం పోటీ పడినవారు ఎవరూ లేరు. ఆ ఏడు కార్యాలయమంతటికీ కుర్చీలు చాలేవి కావు. ఆమె మొదటి ఎజెండాను వరండాలో, పంప్ మోటారు వచ్చిన చెక్కపెట్టె మీద పెట్టుకుని రాశారు.

కౌన్సిల్ హాలు లోపల ఏమి జరుగుతుందో పట్టణంలో చాలామంది చూసి ఉండరు. అది తెలియకపోతే మహిమ గారి పని తెలియదు. నెలాఖరు శుక్రవారం ఉదయం సభ్యులు కూర్చుంటారు. బ్లీచింగ్ పౌడరు కొనుగోలు, వీధి దీపాల మరమ్మతు, కాలువల పూడికతీత, కాలిపోయిన బోరు మోటారు, చెత్త ట్రాక్టరుకు టైర్లు, కోతుల బెడద మీద అటవీ శాఖకు లేఖ: ఇటువంటి అంశాలను ఒక్కొక్కటిగా ఆమె చదువుతారు. చదవడం అయ్యాక చైర్‌పర్సన్ "అభ్యంతరాలున్నాయా?" అంటారు. ఎవరూ మాట్లాడరు. "ఆమోదించడమైనది" అంటారు. తరువాతి అంశానికి వెళతారు. సభ్యులు ఆ సమయంలో టీ తాగుతున్నా, పక్కవారితో పెళ్లి సంబంధం మాట్లాడుతున్నా, అది ఆమోదమే. ఇప్పలవాగులో ఒక వీధికి నీళ్లు వచ్చినా, మరో వీధికి రాకపోయినా, అది అట్లా మౌనం మీద నడిచిన వ్యవహారమే.

2020 జనవరిలో కొత్త కౌన్సిల్ ఏర్పడింది. శారద గారు చైర్‌పర్సన్ అయ్యారు. పదిహేడో వార్డు నుంచి జంపక్క గారు గెలిచారు. వాగు అవతల అడవి అంచున ఉన్న మద్దులగుంపు అనే కోయ వాడను పట్టణంలో కలిపినప్పుడు ఏర్పడిన వార్డు అది. అక్కడి స్త్రీలు శనివారం నాడు తలమీద తట్టలతో వాగు దాటి వచ్చి, ఒడ్డునే జరిగే సంతలో చింతపండు, ఇప్పపువ్వు, కుంకుళ్లు, చీపుర్లు అమ్ముకుని, ఉప్పు, నూనె కొనుక్కుని తిరిగి వెళ్లేవారు. ఫిబ్రవరిలో జరిగిన మొదటి సాధారణ సమావేశంలో, ఆ సంతను ఖమ్మం రోడ్డులో కట్టిన షెడ్లలోకి మార్చే అంశం వచ్చింది. మహిమ గారు చదివారు. శారద గారు అడిగారు. హాలు మౌనంగా ఉంది. జంపక్క గారూ మౌనంగా ఉన్నారు. ఆమోదం పొందింది.

మరుసటి శనివారం మద్దులగుంపు తట్టలు వాగు ఒడ్డుకు వచ్చాయి. ఒడ్డున సంత లేదు. షెడ్లు పట్టణానికి అవతలి చివర ఉన్నాయి. అక్కడికి బరువుతో చేరాలంటే ఆటో ఎక్కాలి, చేరేసరికి స్థలాలన్నీ దుకాణదారులు ఆక్రమించి ఉన్నారు. సోమవారం జంపక్క గారు కార్యాలయానికి వచ్చి మహిమ గారి బల్ల ముందు నిలబడ్డారు. ఆ సమయానికి నేను అక్కడే ఉన్నాను.

"మేడం, సంతను ఎవలు లేపిన్రు?"

"కౌన్సిల్ తీర్మానం జంపక్కా. మీరు కూడా ఉన్నారు కదా ఆ రోజు."

"ఉన్న. కూసున్న. నేనేడ ఒప్పుకున్న? నోరే తెరవకపోతి."

"తెరవకపోతే ఒప్పుకున్నట్టే ఇక్కడ."

"గదేం లెక్క? మా గుంపుల మందంత కూసుంటే ఒక్కలు సప్పుడు జెయ్యకున్నా మాట తెగనట్టే. లేసిపోతం, మళ్ల కూసుంటం. గందుకే నేను మెదలకుండ కూసున్న, ఆగుతదని. మీ తాన నోరు మూస్తే సంత పోతదా?"

మహిమ గారు ఒక కుర్చీ ముందుకు జరిపారు. "కూర్చోండి. చాయ్ తెప్పిస్తా" అన్నారు. "చాయ్ వద్దు, సంత దే" అన్నారు జంపక్క గారు. తరువాత కూర్చున్నారు. చాయ్ కూడా తాగారు.

చేసిన తీర్మానాన్ని వెంటనే తిరగదోడేందుకు నిబంధనలు ఒప్పుకోవు. అంతలో లాక్‌డౌన్ వచ్చి సంతలే మూతపడ్డాయి. సమావేశాలు మళ్లీ మొదలైనప్పుడు, మహిమ గారు చైర్‌పర్సన్ అనుమతి తీసుకుని ఒక పద్ధతిని ప్రవేశపెట్టారు. అంశం చదివాక ఒకటో వార్డు నుంచి చివరి వార్డు దాకా పేరు పేరునా పిలుస్తారు. ప్రతి సభ్యుడూ అవునో కాదో నోటితో చెప్పాలి. ఇది ఏ చట్టంలోనూ తప్పనిసరి కాదు. ఏ చట్టమూ వద్దనలేదు.

మొదటి పిలుపు రోజున వైస్ చైర్మన్ జైరాం గారు నవ్వారు. "ఏంది మేడం, కౌన్సిలా, బడా? హాజరు పిలుస్తున్నరు?"

"బడైతే తమరికి ఈపాటికి టీసీ ఇచ్చేవాళ్లు సార్" అన్నారు మహిమ గారు, తల ఎత్తకుండా. "రెండో వార్డు?"

"అవ్" అన్నారు జైరాం గారు. అది ఆయన వార్డు.

సమావేశాలు పొడుగయ్యాయి. టీలు చల్లారాయి. భోజనం వేళ దాటితే సభ్యులు విసుక్కున్నారు. అయితే, పిలిస్తే పలకాలి కనుక, ముందు విని ఉండవలసి వచ్చింది. ఎన్నడూ నోరు విప్పని సభ్యురాలు ఒకరు బోరు మోటారు అంశం మీద "కాదు" అని, ఎందుకని అడిగితే ఆ వీధిలో పైపు లైనే లేదని చెప్పారు. మోటారు ఆగింది, లైను పడింది. మా విలేకరులకు కూడా ఎవరు ఏమన్నారో రాసుకునే పని అప్పుడే మొదలైంది.

సంతను తిరిగి ఒడ్డుకు తెచ్చే అంశాన్ని జంపక్క గారు ప్రతిపాదించారు. వాయిదా పడిన అంశం మరుసటి ఎజెండాలో మొదట ఉండాలన్నది మహిమ గారి నియమం. ఆమె మొదట పెట్టేవారు. షెడ్లలో స్థలం పొందిన వ్యాపారులు సభ్యులను కలిసేవారు. ఇంజనీరు నివేదిక రాలేదని ఒకసారి, వాగుకు వరద ముప్పు ఉందని ఒకసారి, పరిశీలన సంఘం వేద్దామని ఒకసారి, అంశం వెనక్కి వెళ్లేది. మళ్లీ మొదటికి వచ్చేది. ఈలోపు మద్దులగుంపు స్త్రీలు కొందరు సంతకు రావడం మానేశారు. చింతపండును వాడకే వచ్చిన వ్యాపారులకు వారు చెప్పిన ధరకు ఇచ్చారు.

2025 జనవరిలో కౌన్సిల్ గడువు ముగిసింది. చివరి సమావేశం రోజున బయట షామియానా వేశారు. శాలువాలు, సామూహిక ఛాయాచిత్రం, బిర్యానీ ఏర్పాటయ్యాయి. సంత అంశాన్ని శారద గారు క్రమం మార్చి చివరికి తీసుకున్నారు. నివేదిక వచ్చింది. వరద ముప్పు లేదని తేలింది. వ్యతిరేకించేవారు కూడా ఆ రోజు మెత్తబడ్డారు. అయితే ఛాయాచిత్రం కోసం సభ్యులు ఒక్కొక్కరే లేచి బయటికి వెళ్లారు. మహిమ గారు అంశం చదివి పిలవడం మొదలుపెట్టారు. ఒకటో వార్డు: ఖాళీ కుర్చీ. రెండో వార్డు: జైరాం గారు "అవ్" అన్నారు. తరువాత వరుసగా కుర్చీలే. పదిహేడో వార్డు అనగానే జంపక్క గారు లేచి నిలబడి "అవ్" అన్నారు. పిలుపు పూర్తయింది. మహిమ గారు చైర్‌పర్సన్ వైపు తిరిగి, "కోరం లేదు మేడం" అన్నారు.

అంశం తదుపరి సమావేశానికి వాయిదా పడింది.

జైరాం గారు హాల్లోనే ఆగి అన్న మాట ఇది: "మేడం, గా పిలుపు మానేసి ఉంటే చైర్‌పర్సన్ మేడం అభ్యంతరాలున్నాయా అనేది, ఎవలు పలకకపోయేది, పాసయ్యేది. సంత వచ్చేది. మీ పిలుపే ఆపింది."

కాగితాలు సర్దుతున్న మహిమ గారి చేతులు ఆగాయి. జవాబు జంపక్క గారి నుంచి వచ్చింది.

"సప్పుడు లేకుంటనే పోయింది గదా సార్ సంత. సప్పుడు లేకుంటనే వస్తే మళ్ల గట్లనే పోతది. మా మేడాన్ని అనకుండ్రి. మీరు కాసేపు ఫోటో ఆపితే అయిపోయేది."

ఆ తరువాత జంపక్క గారు బయటికి వెళ్లి చిత్రంలో నిలబడ్డారు. సంచికలో ఆ చిత్రం ఉంది. మహిమ గారు అందులో లేరు.

ప్రస్తుతం కౌన్సిల్ లేదు. ప్రత్యేకాధికారి సతీష్ గారి సంతకంతో పరిపాలన సాగుతోంది. పనులు ఆగలేదు. కొన్ని ముందటికంటే త్వరగా అవుతున్నాయని చెప్పాలి. మార్చిలో, చింతపండు రాలే కాలంలో, సతీష్ గారు మహిమ గారిని పిలిచి, సంత ఫైలు పెట్టమని, సంతకం చేస్తానని అన్నారు. ఆమె ఆ మాటను మద్దులగుంపు దాకా వెళ్లి జంపక్క గారికి చెప్పారు.

"కూసోనియ్యమను" అన్నారట జంపక్క గారు. "కడుపు ఆగదు కదా మేడం. కానీ కౌన్సిల్ ఒప్పుకున్నదని మాత్రం రాయొద్దు. ఒప్పుకునుడు అందరు నోటితోని చెప్పాలె. నువ్వు పిలువాలె, మేం పలకాలె."

"అప్పటికి నేనుండను జంపక్కా."

"యాడికి పోతవ్? గీడనే ఉంటవ్ గదా."

సతీష్ గారు ఉత్తర్వును "తాత్కాలికంగా, కౌన్సిల్ నిర్ణయానికి లోబడి" అని రాయించారు. శనివారాల్లో తట్టలు మళ్లీ ఒడ్డుకు వస్తున్నాయి. అవి అక్కడ ఉంటాయా, ఉండవా అన్నది ఇంకా ఏర్పడని ఒక సభ చేతిలో ఉంది.

హాలు తాళం మహిమ గారి దగ్గరే ఉంటుంది. నెలాఖరు శుక్రవారం నాడు ఆమె ఆ తలుపు తీయించి, ఊడ్పించి, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా అక్కడే విప్పుతారని సిబ్బంది చెబుతారు. ఆమె భర్త, ఆర్టీసీలో కండక్టరుగా విరమించిన జయరాజ్ గారు, దీన్ని ఇంటి దగ్గర మరోవిధంగా చెప్పారు: "ఇంట్ల నన్నే పిలుస్తది. చాయ్ కావాలా అని. తల ఊపితే ఊకోదు, నోటితో చెప్పమంటది."

ఈ ఉద్యోగంలో ఏది లేని లోటు తెలుస్తుందని నేను మహిమ గారిని అడిగాను. "పిలిచి, ఆగుతాం చూడండి, అవతల నుంచి మాట వచ్చేదాకా. ఆ ఆగడం" అన్నారు. ఈ మధ్య ఖాళీ హాల్లో వార్డు సంఖ్యలు చదువుకున్నారా అని అడగాలనిపించింది. అడగలేదు.

కొత్త కౌన్సిల్ ఏదో ఒకనాడు వస్తుంది. ఆమె సిద్ధం చేసి పెట్టిన ఎజెండాలో మొదటి అంశం సంతే. దానిని మరొకరు చదువుతారు. పిలుపు ఉంటుందో ఉండదో ఎవరూ హామీ ఇవ్వలేదు. సందర్శకులకు హాల్లో చివర ఒక బెంచీ ఉంది. అక్కడ కూర్చునేందుకు పట్టణవాసులెవరికైనా హక్కు ఉంది. మహిమ గారు ఇప్పలవాగులోనే స్థిరపడుతున్నారు.

శ్రీమతి మహిమ గారికి, జయరాజ్ గారికి ఆయురారోగ్యాలు కలగాలని ఈ సంచిక ద్వారా కోరుకుంటున్నాను. మోకాళ్లు సహకరించి ఆమె కౌన్సిల్ హాలు మెట్లు ఎక్కగలగాలి. చెవులు చల్లగా ఉండి, పదిహేడో వార్డు అన్నప్పుడు వచ్చే జవాబు, ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా సరే, ఆమెకు వినిపించాలి. ఆ తరువాత కూడా అనేక సంవత్సరాల శుక్రవారాలు ఆమెకు దక్కాలి. రేపు ఆ హాల్లో అంశాలు చదివేవారికి ఒక మనవి: గొంతు చివరి బెంచీకి అందకపోతే ఆమె చెయ్యెత్తుతారు. అప్పుడు మళ్లీ మొదటి నుంచి చదవండి.