గౌస్ బాషా మధ్యలో వదిలి వెళ్ళిన పులి–మేక

పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, బాషా దగ్గర కంప్యూటరు నేర్చుకున్న పిల్లలకు నమస్కారం. మిరపకోతల రోజుల్లో పనులు ఆపుకుని ఇంతమంది ఈ గ్రంథాలయానికి వచ్చారు. కుర్చీలు చాలక గోడవారగా నిలబడ్డారు. ఇందరి ప్రేమ సంపాదించుకున్న మనిషి మన మధ్య లేడు. ముందు వరసలో కూర్చున్న అతని భార్య నసీమున్నీసాకు ఏమని చెప్పను? ఓదార్చే మాట నా దగ్గర లేదు తల్లీ. నేను చూసిన నాలుగు సంగతులు మాత్రం ఉన్నాయి. అవే చెబుతాను.

నా పేరు కోటిరత్నం. పదో తరగతితో చదువు ఆగింది. మైకు ముందు నిలబడటం ఇదే మొదలు. వెనక వాళ్ళకు నా గొంతు అందకపోతే చెయ్యెత్తండి, కొంచెం పెంచుతాను. ఎక్కువ పెంచడం నాకు చేతకాదు.

బాషా కంప్యూటర్ సెంటరు మా ఇంటి ముందు గదిలో నడిచింది. అందుకే నన్ను మాట్లాడమన్నారు. గది అద్దెకిచ్చిన మనిషికి ఏం తెలుస్తుందని మీరు అనుకోవచ్చు. కంప్యూటరు సంగతి నిజంగానే తెలియదు. కానీ మా పూజగది కిటికీ వీధి అరుగు మీదకు తెరుచుకుంటుంది. ఇన్నేళ్ళూ దీపం పెట్టుకుంటూ నేను విన్నది సగం సహస్రనామం, సగం ఆ అరుగు మీద బాషా, అతని స్నేహితుడు చైతన్యకృష్ణ చేసుకునే వాదన.

ముప్పై ఆరేళ్ళ మనిషి. కామెర్లు అన్నారు. గుంటూరు తీసుకెళ్ళారు. తిరిగి రాలేదు. ఎందుకు స్వామీ, అని పెదకాకాని మల్లేశ్వరుణ్ణి అడిగాను. ఆ ప్రశ్న ఆయన దగ్గరే వదిలి వచ్చాను. ఈ రోజు నేను మీ ముందుకు తెచ్చింది ఇంకొక ప్రశ్న. దానికి జవాబు మనుషుల దగ్గరే ఉంటుందని నా ఆశ.

అయ్యా, బాషా ఒక ఆట తయారుచేశాడు. మీలో చాలామంది ఆడే ఉంటారు. కంప్యూటర్లో పులి–మేక. అది ఎక్కడ పుట్టిందో తెలుసా? మా అరుగు మీద పుట్టింది.

ఆ అరుగు బండ మార్టూరు నుంచి వచ్చింది. మా మామగారు పిచ్చయ్యగారు దాని మీద పులి–మేక గీతలు చెక్కించారు. ఎండాకాలం మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు అన్నాల వేళ ఆ నీడన చేరి ఆడేవాళ్ళు. పులులకు ఎండు మిరపకాయలు, మేకలకు పత్తిగింజలు. మన వైపు ఈ ఆటకు కాయలు కొన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? చేతికి దొరికిందే కాయ. గీత పడిన చోటే ఆట. గుడి మెట్టు కావచ్చు, మిరపయార్డు గచ్చు కావచ్చు, బొగ్గుతో గీసిన గోనెపట్టా కావచ్చు.

తెలియని పిల్లలుంటే చెబుతాను. పులులు మూడు, మేకల్ని ఒక్కొక్కటిగా గీతల మీదకు దించాలి. పులి ఒక మేక మీదుగా దూకితే ఆ మేక పోయినట్టు. మేకలు దూకలేవు. అన్నీ కలిసి దారులు మూసి పులుల్ని కదలనివ్వకపోతే మేకలు గెలిచినట్టు.

ఆ ఆడవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఆట మధ్యలో మేస్త్రి కేకేస్తాడు, బిడ్డ ఏడుస్తుంది, ఒకామె లేవాలి. అప్పుడు కాయలు తుడిచెయ్యరు. పక్కనున్న మనిషి ఆమె చోట కూర్చుంటుంది. లేచినామె ఏ పక్షం ఆడుతోందో ఆ పక్షమే ఆడాలి. నాకు పులులే ఇష్టం అంటే కుదరదు. బాషా గుమ్మంలో నిలబడి ఇది చూసి ఎంత ముచ్చటపడ్డాడో! "మనిషి లేచినా ఆట లేవదు పిన్నమ్మా, చూశారా" అన్నాడు. ఆ వేసవి అంతా కూర్చుని ఆట రాశాడు. తెర మీద కూడా పులులకు మిరపకాయలే, మేకలకు పత్తిగింజలే. పులి బొమ్మలు పెట్టలేదేమని ఎవరో అడిగితే, "మన పొలాల్లో పులి ఎప్పుడు తిరిగిందండీ? ఘాటు ఉన్నది మిరపకాయకే" అన్నాడు.

అమ్మే పని చైతన్యకృష్ణది. గుంటూరు, ఒంగోలు షాపుల చుట్టూ సీడీల సంచీ వేసుకుని తిరిగింది ఆ అబ్బాయే. అతను తిరగకపోతే ఆట మా గదిలోనే ఉండిపోయేది. ఇది కూడా ఈ సభలో చెప్పాలి. సాయంత్రం ఇద్దరూ అరుగు మీద చేరేవాళ్ళు. చైతన్య ఎప్పుడూ పులులు, బాషా ఎప్పుడూ మేకలు. నమాజుకు వేళైతే బాషా నన్ను తన చోట కూర్చోబెట్టి వెళ్ళేవాడు. తిరిగొచ్చేసరికి సగం మేకలు పోయి ఉండేవి. "పిన్నమ్మా, మీరు ఆడారా, చైతన్యకు నైవేద్యం పెట్టారా?" అనేవాడు.

ఒకరోజు యేసుపాదం మాస్టారు వచ్చారు. అదిగో, ఆ కిటికీ దగ్గర ఉన్నారు. మార్టూరు దాటాక ఒక చిన్న ఊరి బడిలో ఆయన పంతులుగారు. ఆ బడికి ఎవరో పుణ్యాత్ములు పాత కంప్యూటర్లు ఇచ్చారు. వాటిల్లో మన కంప్యూటర్లలో ఉండే విండోస్ లేదు, లినక్స్ అనే ఇంకొకటి ఉంది. పిల్లలు బాషా సీడీ పెట్టారు. ఆట తెరుచుకోలేదు. వాళ్ళేం చేశారో తెలుసా? ఒక పిల్ల, పలక మీద రాత పడకపోతే కడుగుతాం కదా అని, సీడీని కుంకుడు రసంతో రుద్ది కడిగి ఎండలో ఆరబెట్టింది. అప్పటికీ రాలేదు. మాస్టారు ఆ సీడీని తువ్వాల్లో చుట్టి తెచ్చారు. "బాగానే కడిగింది బాబూ, మరక ఒక్కటి లేదు" అన్నారు. అందరం నవ్వాం. బాషా మాత్రం నవ్వలేదు. ఆ సీడీని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

నాకు అర్థం కాలేదు. అన్నీ కంప్యూటర్లే కదా, ఒక దాంట్లో ఆడేది ఇంకొక దాంట్లో ఎందుకు ఆడదు? అడిగాను. "ఎద్దులకు కట్టే నాగలి ట్రాక్టరుకు తగులుతుందా పిన్నమ్మా? నేల అదే, దున్నడం అదే, తగిలించే చోటు వేరు. కంప్యూటర్లో ఆ తగిలించే చోటు పేరు ఆపరేటింగ్ సిస్టమ్" అన్నాడు. మరి తగిలించే చోటు ఒక్కటీ మారిస్తే చాలదా అన్నాను. అప్పుడు నవ్వాడు. "నేను నాగలినీ కాడినీ కలిపి ఒకే పోత పోశాను. తప్పు నాదే. ఇప్పుడు విడదీయాలి" అన్నాడు.

విడదీయాలా, వద్దా? ఆ వాదన మా అరుగు మీద నెలల తరబడి నడిచింది. కిటికీ లోపల నేను మల్లెలు గుచ్చుతూ వినేదాన్ని. ఒక్కోసారి మాల పూర్తయ్యేది, వాదన తెగేది కాదు.

చైతన్య మాటలో న్యాయం లేదని నేను అనను. "ఒరేయ్, నూటికి ఇద్దరో ముగ్గురో వాడేదానికి ఇంత పనా? ఇవాళ చేసి ఇస్తావు. రేపు వాళ్ళ సిస్టమ్ మారుతుంది, నీది ఆగిపోతుంది. వాళ్ళు ఫోన్ చేస్తే ఎవడెత్తుతాడు? నిలబెట్టుకోలేని మాట ఇవ్వకపోవడమే మర్యాద రా" అనేవాడు. నిజమే కదా? మాట ఇచ్చి తప్పడం కంటే ముందే చేతులు జోడించడం నయమని మా అమ్మ కూడా చెప్పేది.

బాషా జవాబు ఒక్కటే. "ఇద్దరో ముగ్గురో నాకు తెలియదు రా. సీడీ కడిగిన పిల్ల ఒకతి ఉందని తెలుసు. తెలిశాక తెలియనట్టు ఎలా ఉండను?"

నేనొకసారి ఉండబట్టలేక కిటికీలోంచే అన్నాను. పెదకాకానికి కారులో వచ్చేవాళ్ళున్నారు, బస్సులో వచ్చేవాళ్ళున్నారు, చంటిబిడ్డను భుజాన వేసుకుని నడిచి వచ్చేవాళ్ళున్నారు. ఫలానా బండిలో వస్తేనే దర్శనం అని స్వామి అంటాడా నాయనా? బాగా చెప్పాననుకున్నాను. చైతన్య వెంటనే, "స్వామి అనడు పిన్నిగారూ. కానీ తలుపు తీసే పూజారి ఒక్కడే కదా. ఒక్క మనిషి ఎన్ని తలుపులు తీస్తాడు?" అన్నాడు. ఆ మాట ఈనాటికీ నాలో తిరుగుతూనే ఉంది.

చివరికి బాషా విడదీశాడు. పక్కన నసీమున్నీసా కూర్చుంది. ఆ అమ్మాయి సెంటర్లో టైపు నేర్పేది. అతని దగ్గరే ఈ పనీ నేర్చుకుంది. మొదట ఆ సిస్టమ్‌లో తెలుగు అక్షరాలు చెదిరిపోయేవట, ఒత్తు ఒకచోట, గుడి ఒకచోట. "మేకలు మంద విడిచి పోయినట్టున్నాయి" అని ఇద్దరూ నవ్వుకుంటూ కూర్చేవాళ్ళు.

కొత్త సీడీ పట్టుకుని బాషా స్వయంగా ఆ బడికి వెళ్ళాడు. పిల్లలు మురిసిపోతారనుకున్నాడు. వాళ్ళు ఒక ఆట ఆడి, "సార్, మీ ఆట తప్పు" అన్నారట! మన సత్తెనపల్లిలో మొదటి మేక దిగినప్పటి నుంచే పులి తినొచ్చు. వాళ్ళ ఊళ్ళో మేకలన్నీ దిగేదాకా పులి ముట్టకూడదు. ఇంకొకరైతే మాదే సరైనది అనేవాళ్ళు. బాషా ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా చెబుతున్నాడు, "పిన్నమ్మా, వాళ్ళ ఆట మన ఆట కంటే బాగుంది!" ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా, "మీ ఊళ్ళో ఎలా ఆడతారండీ?" అని అడిగేవాడు. పెదకాకాని మండపంలో యాత్రికులను కూడా వదల్లేదు. ఆట మొదట్లో "మీ ఊళ్ళో ఎలా?" అని కనిపిస్తుంది చూశారా, మీ పద్ధతి మీరు ఎంచుకోవచ్చు. అది ఆ పిల్లల వల్ల వచ్చింది. విండోస్ వాళ్ళకూ వచ్చింది. గుంటూరులో సీడీ కొనేవాళ్ళు దాన్నే మెచ్చుకుంటున్నారని చైతన్యే చెప్పాడు. నూటికి ముగ్గురు అనుకున్నవాళ్ళు మిగిలిన అందరికీ ఏదో ఇచ్చారు. ఇది నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

అయితే చైతన్య భయపడినట్టే జరిగింది. అదీ చెప్పాలి. ఈ మధ్య ఆ బడిలో సిస్టమ్ మార్చారు. బాషా ఆట మళ్ళీ తెరుచుకోవడం మానేసింది. దాన్ని సరిచేస్తుండగానే అతను జబ్బుపడ్డాడు. పని సగంలో ఉంది. పిల్లలు ఎదురుచూస్తున్నారు. మొన్న మూడోనాటి ఫాతెహా ప్రార్థనలు అయ్యాక చైతన్య వచ్చి, ఇకమీదట విండోస్ సీడీ ఒక్కటే ఉంటుందని చెప్పాడు. "ఆ పని నాకు రాదు పిన్నిగారూ" అంటున్నప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు. అలా అనడానికి అతనెంత నలిగాడో నేను చూశాను.

నాయనా చైతన్యా, తల ఎత్తు. నలుగురిలో నిన్ను నిలదీయడానికి నేను లేవలేదు. ఆటలు రాసేవాళ్ళందరూ అన్ని రకాల యంత్రాలకూ రాసి తీరాలా? నాకు తెలియదు. బతుకుతెరువు చూసుకోవాలి, ఓపిక చూసుకోవాలి. రాయలేనివాణ్ణి తప్పుపట్టే హక్కు నాకేముంది? కానీ పూజారి ఒక్కడే అన్నావే, ఆ మాటకు జవాబు నిన్న దొరికింది. "నేను కూర్చుంటాను పిన్నమ్మా. సగం నాకు తెలుసు, మిగతా సగం నేర్చుకుంటాను, ఫోన్లు కూడా నేనే ఎత్తుతాను. చైతన్య అన్నయ్య ఊఁ అనాలి" అంది నసీమున్నీసా. ఆట బాషాదీ నీదీ కాబట్టి నిన్ను అడగకుండా ముట్టుకోనంది. తలుపు దగ్గర రెండో మనిషి నిలబడింది నాయనా. తాళంచెవి నీ దగ్గర ఉంది. ఇప్పుడే జవాబు చెప్పమని అడగను.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. చైతన్యా, బాషాను ఆసుపత్రికి తీసుకెళ్ళిన సాయంత్రం మీరిద్దరూ అరుగు మీద ఆడుతున్నారు. ఆట మధ్యలోనే అతను కడుపు పట్టుకుని లేచాడు. ఆ కాయలు అలాగే ఉన్నాయి. పిచ్చుకలు పత్తిగింజలు ఎత్తుకుపోకుండా మిరపకాయల గంప బోర్లించాను. రోజూ గంప చుట్టూ ఊడుస్తున్నాను, ముగ్గు దాని చుట్టూనే వేస్తున్నాను. తుడిచెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. నీ పులులు మూడూ ఉన్నాయి. అతని మేకలు కొన్ని పోయాయి గానీ చాలానే మిగిలాయి.

అమ్మా, అయ్యా, అందరూ ఒక్కసారి లేచి నిలబడండి. మీ మీ దేవుణ్ణి తలుచుకోండి. నేను నా మల్లేశ్వరుణ్ణి తలుచుకుంటాను. గౌస్ బాషా కోసం కాసేపు మాట లేకుండా ఉందాం. అది అయ్యాక మా అరుగు దగ్గరకు రండి, గంప తీస్తాను. మేకల వైపు చోటు ఖాళీగా ఉంది. ఎత్తు మేకలది.