పై గదిలో సుత్తి దెబ్బలు

బడికి సెలవులు. హెడ్మాస్టారి గదిలో బల్లకి ఇటు హెడ్మాస్టారు, అటు ల్యాప్‌టాప్ ముందు సైన్సు టీచరు. సరిగ్గా నెత్తిమీద, పై అంతస్తులో, సైన్సు ల్యాబు. అక్కడి నుంచి సుత్తి దెబ్బలు.

“అదేనమ్మా నేననేది! నెట్‌లో ఊరికే దొరికేదానికి మనకి ల్యాబెందుకు?”

“సార్, నేను చెప్పేది...”

“మీరు చెప్పేది తర్వాత. ముందా చప్పుడు వినండి. వింటున్నారా?”

“వింటున్నాను సార్. నెత్తిమీదే కదా.”

“పనంటే అదీ! మేస్త్రీ పొద్దున్నే సుత్తి పట్టుకుని ఎక్కాడు. సాయంత్రానికి ఆ బల్లలుండవు, బీరువాలుండవు, మీ యాసిడ్ కంపుండదు. గోడకి ఇంత టీవీ! డిజిటల్ హాలు! మన బళ్ళ చైర్మన్ గారు సాయంత్రం స్వయంగా వస్తున్నారు చూడ్డానికి. పేరు నేనే పెట్టాను, ఎలా ఉంది?”

“టీవీకి బాగా సరిపోయింది సార్. మరి పిల్లలు ప్రయోగాలు...”

“చూస్తారు.”

“చెయ్యరా?”

“చేసి ఏం ఉద్ధరించారు? పోయినేడు ఎన్ని బీకర్లు పగిలాయో గుర్తుందా? టీవీలో పగిలితే మనకేం పోయింది?”

“ఆ మాటకొస్తే ఈత కూడా టీవీలోనే నేర్పెయ్యొచ్చు సార్. బట్టలు తడవవు.”

“వెటకారం వద్దమ్మా.”

“వెటకారం కాదు సార్, ఆలోచన. ఆ హాల్లో మరి నేనేం చెయ్యాలి?”

“రిమోట్ పట్టుకుంటారు. ఆపాల్సిన చోట ఆపుతారు, నడపాల్సిన చోట నడుపుతారు. ఇంతకన్నా సుఖమైన ఉద్యోగం ఎక్కడైనా ఉందా?”

“లేదు సార్. మా ఇంట్లో మావారు రోజూ చేసేది అదే. ఆయనకి జీతం ఇవ్వట్లేదంతే.”

“సరే సరే. పిల్లలకీ టీచర్లకీ పనికొచ్చే ఉచిత పాఠాలు వెతకమన్నాను. వెతికారా, లేదా?”

“వెతికాను సార్. ఇదిగో మొదటిది.”

“ఆహా! ‘అంతా ఉచితం’. ఎంత పెద్దక్షరాలతో రాశాడో చూడండి! నొక్కండి, నొక్కండి.”

“నొక్కాను. పేరడిగాడు, చెప్పాను. ఫోన్ నంబరడిగాడు, ఇచ్చాను. ఇప్పుడు బ్యాంకు కార్డు నంబరడుగుతున్నాడు.”

“ఉచితమన్నాడుగా?”

“వారం వరకే సార్. అసలు పాఠం ఆ తర్వాత మొదలవుతుంది.”

“మీ కార్డు ఇచ్చి చూడకపోయారా?”

“మీదిస్తారేమోనని ఆగాను.”

“రెండోది చూపించండి.”

“ఇది నిజంగానే ఉచితం. గుండె ఎలా పనిచేస్తుందో చెబుతాడు.”

“అబ్బ, బొమ్మ చూడండి! కొట్టుకుంటోంది కూడా! ఇదమ్మా పాఠమంటే. మీరు బోర్డు మీద వేసిన గుండె బంగాళాదుంపలా... ఇదేంటి? గుండె సగంలో ఉండగా ఈవిడెవరు? జుట్టు దువ్వుకుంటోందేం?”

“ప్రకటన సార్. తలనూనె. రక్తం కుడి గదిలోకి వచ్చినప్పుడు ఈవిడొస్తుంది. ఊపిరితిత్తులకి వెళ్ళేటప్పుడు లోదుస్తులు.”

“లో... ఆపండి, ఆపండి! ఎనిమిదో తరగతి పిల్లలమ్మా!”

“అందుకేగా సార్ రిమోట్ నా చేతికిస్తున్నారు.”

“టీచర్ల కోసం కూడా ఒకటి వెతకమన్నానే? పాఠం ఎలా చెప్పాలో వాళ్ళే తయారుచేసి ఇచ్చేది?”

“ఇదిగో. ‘గ్రహాలతో సరదా పనులు’. మొదటి పని, ప్రతి పిల్లకీ ఒక టెలిస్కోపు ఇచ్చి ఇంటి పెరట్లోకి పంపాలి.”

“ప్రతి పిల్లకీనా?”

“కంగారు పడకండి సార్, కింద వివరంగా రాశాడు. పిల్లకి సొంత టెలిస్కోపు లేకపోతే నాన్నగారిది వాడుకోవచ్చట.”

“హూఁ... ఉండండి, మేస్త్రీకి ఫోన్ చేస్తాను. స్పీకర్‌లో పెడతాను, మీరూ వినండి, పనివాడు ఎలా ఉండాలో. హలో! ఏం మేస్త్రీ, ఎంతదాకా వచ్చింది?”

“కొడుతూనే ఉన్నాను సారూ.”

“గట్టిగా కొట్టు. నాకిక్కడికి వినపడాలి.”

“వినపడేట్టే కొడుతున్నాను సారూ.”

“విన్నారా టీచరమ్మా? ఒక్క ఎదురుప్రశ్న లేదు. చెప్పిన పని చేస్తున్నాడు.”

“అవును సార్. చాలా నమ్మకమైన మనిషి.”

“ఆ కిటికీలోంచి మబ్బు చూడండి. సరిగ్గా చైర్మన్ గారు దిగేసరికి వానొస్తుంది. గేటు దాకా ఎదురెళ్ళాలి, చేతిలో గొడుగుండదు. మొన్న వానాకాలంలో ఈ బళ్ళోనే కొట్టేశారు. పిడి ఊడిపోతుంటే పసుపు టేపు నేనే చుట్టుకున్నాను. బడి కాదిది, దొంగల దిబ్బ.”

“ఎక్కడికీ పోదు సార్. ఎవరి చేతిలోనో భద్రంగానే ఉండుంటుంది.”

“సరే, ఇంకేవి? ఆ చివరిదేంటి? నేనిటు తిరగ్గానే గబుక్కున మూసేశారు?”

“అది వద్దు సార్.”

“ఎందుకు వద్దు?”

“మరీ సాదాగా ఉంటుంది. మనిషి మొహం కనపడదు, చేతులే కనపడతాయి. సంగీతం లేదు, కదిలే బొమ్మల్లేవు. చైర్మన్ గారి స్థాయికి...”

“ఆగండాగండి. మీరు వద్దన్నారంటే అందులో ఏదో ఉంది! నాకు తెలీదా? ఆటస్థలం పక్కన బోరు వద్దన్నారు. వేయించానా లేదా?”

“వేయించారు సార్. నీళ్ళే పడలేదు.”

“అది భూమి తప్పు. తియ్యండి దాన్ని.”

“సార్, మాట వినండి, అది...”

“తియ్యండమ్మా!”

“మీ ఇష్టం. తీశాను.”

“ష్... మాట్లాడకండి. ఖాళీ సీసా. మూతికి బుడగ తొడిగింది. వేడినీళ్ళ గిన్నెలో పెట్టింది... అరెరె, బుడగ జారిపోయింది! చూశారా, ఏమంటోందో? ‘జారిపోయింది. ఎందుకు జారిందో మీలో ఎవరు చెబుతారు?’ అహా! తప్పు జరిగితే దాచుకోలేదు, పిల్లల్నే అడుగుతోంది. ఇదీ టీచరంటే! మీకు బీకరు పగిలితే ఏం చేస్తారు?”

“మీ దగ్గరికొచ్చి తిట్లు తింటాను సార్.”

“ఆ గొంతు వినండి! ఎంత నిదానం, ఎంత స్పష్టం! మాట మాటకీ మధ్య పిల్లలు ఆలోచించుకునేంత చోటు. మీరూ ఉన్నారు, ఏ మాటా పూర్తి చెయ్యరు.”

“నాకా అవకాశం...”

“ఇదిగో, ఇదే! సగంలో ఆపేస్తారు. ఆవిడ దగ్గర నేర్చుకోండి.”

“రోజూ నేర్చుకుంటూనే ఉన్నాను సార్.”

“కింద పిల్లలేం రాశారో చదవండి.”

“పిల్లలే కాదు సార్, టీచర్లు కూడా రాశారు. ఒకావిడ... ‘మా బళ్ళో ల్యాబు లేదు. మీరు చేసింది చూసి మేం వంటగిన్నెలతో చేశాం. మాకు బుడగ మూడుసార్లు జారింది. నాలుగోసారి ఉబ్బగానే పిల్లలు అరిచిన అరుపుకి పక్క తరగతి మాస్టారు పరిగెత్తుకొచ్చారు.’”

“అద్భుతం! ఎనిమిది, తొమ్మిది తరగతులు మొత్తం ఉన్నాయి, మన భాషలో ఉన్నాయి, కార్డు అడగలేదు, జుట్టావిడ రాలేదు. ఇంత బంగారం దొరికితే వద్దంటారేమిటమ్మా? నాకర్థమైంది. మీ కుర్చీకి ఎసరని!”

“అంత తెలివి నాకెక్కడిది సార్?”

“చైర్మన్ గారికి పంపేస్తున్నాను. ఇదిగో, పంపేశాను.”

“సార్, చివరిదాకా చూసి పంపితే...”

“చివరిదాకా చూడ్డానికి నేనేం ఖాళీగా ఉన్నానా? మంచి పని వెంటనే చెయ్యాలి. అదిగో, అప్పుడే ఫోన్! నమస్కారమండీ... చూశారా? అవునండి, నేనే వెతికి పట్టుకున్నాను... ఆఁ, రాత్రింబవళ్ళు వెతికానండి... పదో తరగతివా? అవి ఇంకా... చేయిస్తానండి! ఎందుకు చెయ్యరు? నాకు బాగా తెలిసినావిడే... అవునండీ, ఇంట్లో మనిషి లెక్క... మన మిగతా బళ్ళన్నిటికీనా? తప్పకుండానండి... ఇవాళే? ఇవాళ సాయంత్రమే పరిచయం... ఆ ల్యాబు కూడానా? ఉందండి... దూరమేం లేదు, ఇక్కడే దగ్గర్లో... చూపిస్తానండి... మీ దయ... ఉంటానండి.”

“ఏమన్నారు సార్?”

“నీళ్ళు. ఆ సీసా ఇలా ఇవ్వండి.”

“ఇదిగోండి. ఏమన్నారు?”

“ఆవిడ చేత పదో తరగతి పాఠాలు కూడా తీయించమన్నారు. మన బళ్ళన్నిట్లో అవే చూపిస్తారట. సాయంత్రం ఆవిడకి శాలువా కప్పుతారట. ల్యాబు... ఇంత చక్కటి ల్యాబు మనకెందుకు లేదయ్యా అని నన్ను అడిగారు.”

“మీరేం చెప్పారు?”

“విన్నారుగా! ఆ వాగుడంతా విన్నారుగా! ఎవరమ్మా ఈవిడ? పేరు లేదు, ఊరు లేదు, నంబరు లేదు!”

“ఇంట్లో మనిషన్నారు కదా సార్, గుర్తు తెచ్చుకోండి.”

“పుండు మీద కారం చల్లకండి. మళ్ళీ పెట్టండి. ఏ ఊరో, ఏ బడో గోడల మీద ఎక్కడైనా రాసుంటుంది. పెద్దది చెయ్యండి. ఇంకా. ఆ వెనక ఏంటది, తెల్లగా?”

“అస్థిపంజరం సార్. ల్యాబుల్లో ఉంటుంది.”

“దాని చేతిలో?”

“ఏదో ఉంది.”

“గొడుగు. అస్థిపంజరం గొడుగు పట్టుకోవడమేంటి? ఇంకా పెద్దది చెయ్యండి. పిడి దగ్గర... పసుపు...”

“టేపు సార్.”

“నా గొడుగు!”

“చెప్పాను కదా సార్, భద్రంగానే ఉంటుందని.”

“ఉండండి, ఉండండి. నా గొడుగు ఆ ల్యాబులో ఉందంటే... ఆ ల్యాబు... నా నెత్తి మీద... అంటే ఆవిడ...”

“మీరు పూర్తి చెయ్యండి సార్. నేను మధ్యలో రాను.”

“మీరా?”

“నేనే.”

“ఆ గొంతు మీదా?”

“నాదే సార్. మీరెప్పుడూ చివరిదాకా వినలేదంతే.”

“నాకెందుకు చెప్పలేదు?”

“మూడుసార్లు వచ్చాను చెప్పడానికి. మూడుసార్లూ ‘సార్, నేను’ అనేదాకా చెప్పాను. ఇవాళ పొద్దున కూడా అంతవరకే కుదిరింది. మీ గొడుగు కూడా అంతే. సైకిళ్ళ షెడ్డులో దొరికితే తెచ్చాను. ‘తర్వాత, తర్వాత’ అని పంపేశారు. ల్యాబులో అస్థిపంజరం చేతికి తగిలిస్తే మీరు వచ్చినప్పుడైనా చూస్తారనుకున్నాను. ఒక్కసారైనా పైకొస్తేగా!”

“ఎందుకమ్మా ఈ వీడియోలు? నేను చెయ్యమనలేదే?”

“ల్యాబు లేని బళ్ళ పిల్లల కోసం సార్. ఇవాళ్టి నుంచి మన పిల్లలూ ఆ లెక్కలోకే వస్తారనుకోండి.”

“ఇవాళ్టి నుం... అయ్యో! పైన!”

“అవును సార్. వినపడుతోంది. పనంటే అదీ.”

“పదో తరగతివి మీ ఇంట్లో తియ్యొచ్చుగా? వంటింట్లో?”

“యాసిడ్ కంపుకి మావారు ఒప్పుకోరు సార్. అయినా చైర్మన్ గారు చూస్తానన్నది మా వంటిల్లు కాదు కదా.”

“ఇక్కడే దగ్గర్లో ఉందని చెప్పానమ్మా ఆయనతో!”

“అబద్ధమేం చెప్పలేదుగా. మెట్లెక్కితే చాలు.”

“మెట్లెక్కితే ఏముంటుంది? చెక్కముక్కలు! పొద్దున్నుంచీ కొడుతున్నాడు! గట్టిగా కొట్టమని నేనే, నా నోటితో... ఫోనేదీ? ఫోనేదమ్మా?”

“మీ చేతిలోనే సార్.”

“ఎత్తడేం? ఆ చప్పుడికి వాడికేం వినపడుతుంది! ఎత్తరా బాబూ, ఎత్తు... హలో! మేస్త్రీ! ఆపు!”

“సారూ?”

“ఆపు! సుత్తి కింద పెట్టు! నువ్వింకేమీ ముట్టుకోకు!”

“పెట్టేశాను సారూ.”

“ఏమేం పగలగొట్టావు? నిజం చెప్పు. పెద్ద బల్ల ఉందా? సింకుందా? కిటికీ పక్కన అస్థిపంజరం నిలబడే ఉందా?”

“అన్నీ ఉన్నాయి సారూ. గొడుగుతో సహా.”

“మరి పొద్దున్నుంచీ దేని మీద కొడుతున్నావయ్యా?”

“పాత తలుపు చెక్క మీద సారూ. మీరు ఫోన్ చేసి ఆపమనేదాకా దాని మీద కొడుతూ ఉండమని టీచరమ్మ పొద్దున్నే చెప్పారు. మా పాప చదువుకునేది ఆ వీడియోలు చూసే కదా, కాదనలేకపోయాను. గంటలో అయిపోతుందన్నారు గానీ, ఇంతసేపు పట్టిందేంటి సారూ మీకు? నా చేతులు పడిపోయాయి.”