మహిమ గీత దాటేదాకా

అండమాన్‌లో ఒక దీవి, ఏప్రిల్ ఎండ, సముద్రం పక్కన తారురోడ్డు. కూతురు మహిమ ట్రయథ్లాన్‌లో పరిగెడుతుంటే, రోడ్డువార నిలబడి జక్రయ్య ప్రత్తిపాడులో ఉన్న భార్య దేవకుమారికి ఫోన్ చేశాడు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆమెతో మాట్లాడటానికి అతను ఇంత భయపడింది లేదు.

"అట్టా నాన్చమాకయ్యా. పిల్ల బాగుందా లేదా, ఒక్క ముక్క చెప్పు."

"బాగానే ఉంది. ఉంది గానీ కుమారీ…"

"గానీ ఏంది? మునిగిందా?"

"మునగడమేంది, సాగర్ కాలవలో ఈదిన పిల్ల! ఈత అయిపోయింది, సైకిలు అయిపోయింది. ఇప్పుడు పరుగు. రెండున్నర కిలోమీటర్ల చుట్టు, నాలుగు తిరగాలి. రెండు అయినయ్."

"ప్రభువా, నీకు స్తోత్రం. మరి నీ గొంతేంది అట్టుంది?"

"నీళ్ళు తాగట్లేదే."

"ఎవరు?"

"ఎవరేంది? మహిమ. సైకిలు మీది సీసా ఏదో గుంటలో ఎగిరిపడిందంట, ఆగి తీసుకోలా. పరుగులో దారి పొడుగునా బల్లలు పెట్టారు. దీవిలో ప్లాస్టిక్ పనికిరాదంట, స్టీలు గ్లాసుల్లో పోస్తున్నారు. ఆగి, తాగి, గ్లాసు అక్కడ పెట్టి పోవాలి. అందరూ ఆగుతున్నారు. ఇదొక్కతే తల అడ్డంగా ఊపి పోతంది. హలో? ఉన్నావా?"

"ఉన్నా. నువ్వియ్యి. పక్కన పరిగెత్తి చేతికియ్యి."

"బయటోళ్ళు ఇస్తే పోటీలోంచి తీసేస్తారంట. తీసేస్తే తీసేశారని ఇచ్చా. నా చెయ్యి నెట్టేసింది."

"నెట్టేసిందా? నిన్నా?"

"కుమారీ, ఒకటి అడుగుతా. రాత్రి ఫోన్లో దానికేం చెప్పావు?"

"ఏం చెబుతా? ప్రార్థన చేసుకుని పడుకోమన్నా."

"ఇంకా?"

"ఇంకేముంది? అక్కడ ఎండ ఎట్టుంది?"

"ఎండ సంగతి తర్వాత. ఇంకా ఏం చెప్పావు?"

"అబ్బబ్బ, పోలీసోడి మాదిరి! మొక్కుకున్నానని చెప్పా."

"ఏం మొక్కు?"

"ఉపవాసం. నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం. దాని కాలు ఆ చివరి గీత దాటేదాకా గొంతులో చుక్క పడనియ్యనని. నిన్న పొద్దున సంఘంలో అందరి ముందు నిలబడి చెప్పా."

"ఎవరి గొంతులో?"

"నా గొంతులోనే! దాన్ని చెయ్యమని ఒక్క మాటన్నా అనుంటే నా నోరు పడిపోను."

"నువ్వు చేస్తే అది చెయ్యకుండా ఉంటదా? శుక్రవారం నువ్వు పస్తుంటే అదీ పస్తే. పదో తరగతి పరీక్షలకి నువ్వు మూడు రోజులుంటే, అదీ ఉండి పరీక్ష హాల్లో కళ్ళు తిరిగి పడలా? ఇప్పుడదే బళ్ళో ఆటల టీచరయింది, బుద్ధి మాత్రం అదే. ఎందుకు చెప్పావే దానికి?"

"ధైర్యంగా ఉంటదని చెప్పా! భయపడి మొక్కుకున్నానయ్యా. మా తమ్ముణ్ణి మర్చిపోయావా? కల్లంలో మిరపకాయలు తిరగేస్తా, బాగానే ఉన్నా అక్కా అన్నాడు ఫిలిప్. ట్రాక్టరు వచ్చేలోపల చెమట ఆగిపోయింది, మాట తేడా వచ్చింది, ఆసుపత్రి గేటన్నా చూడలా వాడు. ఇంకొకర్ని ఎండకి తీసుకుపోవద్దు దేవా అని మొక్కుకున్నా. తప్పా?"

"దేవుడు తీసుకుపోయేలోపల నువ్వే అప్పజెప్పావు."

"అట్టా అనమాక. అనమాకయ్యా…"

"కుమారీ? కుమారీ!"

"బావా, నేను షారోన్ని. అక్క కూలబడింది."

"ఏమైందే?"

"ఏమవుద్ది? నిన్న పొద్దున్నుంచి నీళ్ళు లేవు. కరెంటు పోయింది, రేకుల మందిరం, లోపల పొయ్యిలో ఉన్నట్టుంది. చెల్లెలి మాట వినద్దా? గ్లాసు పెడితే మూతి బిగించుకుని కూర్చుంటంది. కళ్ళు పీక్కుపోయినయ్ బావా, నాకు భయమేస్తంది."

"ముక్కు మూసి పొయ్యవే!"

"ఇటియ్యి ఫోను. నా గొడవెందుకు ఇప్పుడు? ఏమయ్యా, పిల్ల ఎక్కడుంది?"

"అదుగో… మూల తిరిగింది. మూడో చుట్టు అయిపోవచ్చింది. ఊగుతందే. తిన్నగా రావట్లా."

"చెమట ఉందా? చెమట చూడు!"

"మొహమంతా ఉప్పు. పొడిగా ఉంది."

"అయ్యో దేవుడా! ఫోను దాని చెవిన పెట్టు. పక్కన పరిగెత్తు. నేను చెప్తే తాగుద్ది. పరిగెత్తవయ్యా!"

"పరిగెత్తుతున్నా! మహిమా! అమ్మే, అమ్మ లైన్లో ఉంది. ఆగవే!"

"ఆగను నాన్నా. లెగు… అడ్డం లెగు."

"మహిమా, నేనమ్మా. తాగు తల్లీ. నీ ఉపవాసం వదిలెయ్యి. ఆ పాపమేదో నా మీద వేసుకుంటా, దేవుడికి నేనే జవాబు చెప్పుకుంటా. ఒక్క గ్లాసు, ఒక్కటే."

"నాకు… ఉపవాసం లేదమ్మా."

"లేదా?"

"లేదు."

"మరెందుకే తాగవు?"

"ఆగితే… టైము పోద్ది."

"టైమేం చేసుకుంటావే? మెడల్ రాకపోతే పోనీ, అగ్గిలో పడెయ్యి!"

"మెడల్ ఎవరిక్కావాలి? నేను గీత దాటేదాకా… నువ్వు తాగవుగా. ఇంకో చుట్టు ఉంది. ఒక్కో బల్ల దగ్గర నేను ఆగేకొద్దీ… నీకు అంత ఆలస్యం."

"ఏమంటన్నావే?"

"మామయ్య… మామయ్య ఎట్టా పోయాడో నేనూ చూశా. నిన్నట్టా పోనియ్యను. నువ్వు తాగు, ఆగుతా. ఊరికే తాగా అని చెప్పమాక… నాకు చప్పుడు వినపడాలి."

"మొక్కు తప్పితే నీకేమైద్దోనే, నా తల్లీ…"

"కుమారీ! పిల్ల మోకాళ్ళు వంగిపోతన్నయ్!"

"షారోనూ, నీళ్ళు తేవే! ఏ నీళ్ళయినా సరే, పొయ్యవే నా నోట్లో!"