ఒక దినం ఆగిన కవరు

ఆ టీవీ గొంతు తగ్గించు పాపా. ఏ దేశం ప్రెసిడెంటోలే, ప్రశ్న అడిగిన విలేకరిని వేలు చూపించి కూర్చోమంటాండాడు. పొద్దుగూకులూ ఇదే. ఇంట్లో ఇంగో మనిషి గొంతు ఇనపడాల గదా, అందుకే పెట్టుకుంటా. మీ తాత సాల్మన్‌ను గూడా అట్లే కూర్చోమంటాండ్రి. కూర్చుంటే గదా ఆయప్ప. పెనుకొండకంతా ఆయప్పే విలేకరి, ఆయప్పే ఫొటోలు తీసేవాడు. నువ్వేమో మంజులా, పేపరు చదువు చదువుతా, మా తాత పని ఎందుకు మానేసినాడని నన్ను అడిగేకి బెంగుళూరు నుంచి వస్తివి. సెల్లులు లేవు అప్పుడు. రాసిన వార్త కవర్లో పెట్టి, మూడు గంటలకు హిందూపురం నుంచి వచ్చే నా బస్సుకు తెచ్చిస్తాండె. నేను కండక్టరు. అనంతపురం బస్టాండులో పేపరోళ్ళ డబ్బాలో ఏస్తే వాళ్ళు తీసుకుంటారు. "తిమ్మప్పా, ఇది రాగి సంగటి కాదప్పా, రేపు మజ్జిగ పోసుకోని తాగేకి. ఈ పొద్దే పోవాల" అంటాండె. నేనూ అట్లాంటోణ్ణే. టికెట్ తీసుకోలేదని మా సొంత మామనే సోమందేపల్లి కాడ దింపేసినా. ఆయమ్మి, అదే నా పెండ్లాం నీలావతి, వారం దినాలు నాతో మాట్లాడలేదు. ఆయమ్మి పోయి ఏడేండ్లాయ.

యాడున్యాను? ఆ, మంత్రి. ఒక పల్లెలో మంత్రి కొళాయి తిప్పినాడు, నీళ్ళు బుస్సుమన్యాయి, జనం చప్పట్లు. మీ తాత గోడ ఎనక్కి పోయి చూస్తే ట్యాంకరు, దానికో పైపు. అదే రాసినాడు. ఫొటో రీలు గూడా కవర్లోనే పెట్టినాడు. ఆ పొద్దు మంత్రి మనిషి హనుమప్ప నా బస్సులో ముందు సీట్లో ఉండాడు. బెదిరించలేదు పాపా. బెదిరించింటే ఇననేమో. నవ్వుతా, "ఏమప్పా తిమ్మప్పా, ఆ కవరు రేపు పోతే ఏమవుతాది?" అన్యాడు. అంతే. అంత పెద్దమనిషి నన్ను పేరుపెట్టి పిలిచినాడు. టికెట్ల పెట్టె అడుగున పెట్టేసినా. మర్సటి దినం డబ్బాలో ఏసినా. అప్పటికి మిగతా పేపర్లలో 'పల్లెకు గంగ వచ్చింది' అని వచ్చేసింది.

మూడో దినం మీ తాత అడిగినాడు, "ఏసినావా?" "ఏసినా" అన్యా. ఏ దినమని అడగలేదు గదా, అబద్ధం కాదు గదా. ఇన్నేండ్లూ ఆ మాట పట్టుకోనే బతికినా. పేపరు ఆఫీసోళ్ళు ఆలస్యంగా అందిందని అచ్చెయ్యలేదంట. "ఆలస్యమంట. మా తిమ్మప్ప చేతిలో ఆలస్యమా? మీరే అమ్ముడుపోయినారు" అని విలేకరి కార్డు వాళ్ళ మేజా మీద పారేసి వచ్చినాడు. మళ్ళా పెన్ను పట్టలేదు. జిరాక్సు అంగడి పెట్టుకోని, సాయంత్రమైతే నా పక్కన కూర్చోని పేపరోళ్ళను తిడతాండె. నేను తలూపుతాంటి. ఆఖర్న ఆస్పత్రిలో గూడా నా చెయ్యి పట్టుకోని, "లోకమంతా అమ్ముడుపోయినా నువ్వు పోలేదప్పా" అన్యాడు. నేను దుప్పటి సర్దినా.

నువ్వు ఏం రాసుకున్యావు ఆ నోటుబుక్కులో? ఆఫీసోళ్ళే ఆపినారనా? కొట్టెయ్. నా పేరు రాయి, ఊరు గూడా రాయి.

ఏం, రాయవేం? పెన్ను ఆగిపోయిందా? ఆ కిటికీలో ఇంగొకటి ఉండాది చూడు.