అడ్డుతెర వెనకవైపు

ముందు కూర్చోండి సుకన్యగారూ, నిలబడి తిడితే మీకూ శ్రమ, నాకూ శ్రమ. ఆ కుర్చీ వద్దు, దాని మీద రంగు ఆరలేదు. మంచం మీద కూర్చోండి. పిల్లవాణ్ణి కొంచెం అవతలికి జరుపుతాను. ఇప్పుడే కన్ను మూశాడు. లేచాడంటే ఇక మన మాట మనకే వినపడదు.

ఈ ఎండలో సైనిక్‌పురి నుంచి సీతాఫల్‌మండి దాకా వచ్చారంటేనే నాకర్థమైంది, అది ఫోనులో అనదగిన మాట కాదని. అనండి. పడటం నాకేం కొత్త? పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరికి సంజాయిషీ చెప్పుకుంటూనే ఉన్నాను. బడిలో పంతులమ్మకు, కింద వాటా వాళ్లకు, మా అత్తగారికి. వాటిలో మీదొకటి.

ఒక్క మనవి. గొంతు కొంచెం తగ్గించండి. మా అత్తగారు బుచ్చమ్మగారు పిల్లను బడి నుంచి తీసుకురావడానికి వెళ్లారు, ఏ క్షణాన్నైనా వచ్చేస్తారు. నిన్ననే అన్నారావిడ: “ఈపారి ఎవ్వరన్న ఒక్క మాటన్నరనుకో భవానీ, ఈ బొమ్మలేసుడు బంద్ వెట్టాలె. పోరగాండ్లు ఆగమైతున్నరు.” ఆవిడ మాట కటువే గాని మనసు కటువు కాదు. నేను ఇక్కడ కుంచె పట్టుకుంటే అక్కడ అన్నం కలిపి పెట్టేది ఆవిడే. ఆవిడ కాదంటే నా పని అక్కడితో సరి.

ఇప్పుడు చెప్పండి. మీ అమ్మాయి పెళ్లికి వేసిచ్చిన అడ్డుతెర మీద బొమ్మ బాగాలేదా?

బొమ్మ కాదా. పార్వతీపరమేశ్వరులు బాగున్నారా. వధూవరుల పేర్లు సరిగానే ఉన్నాయా. మరి?

వెనకవైపా?

వెనకవైపు ఏముంటుందండీ, తెల్లని అస్తరు గుడ్డ తప్ప? అది నేను పట్టుబట్టి కుట్టేది. అందరూ ఒంటి పొర మీద రంగు వేసి ఇచ్చేస్తారు. రంగు అవతలికి దిగుతుంది, అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. పెళ్లికొచ్చిన వాళ్లు చూసేది ముందు వైపు. ఫొటోలకెక్కేది ముందు వైపు. ఆ మరకల వైపు చూస్తూ కూర్చునేది ఎవరు? పెళ్లికూతురు. మా నాన్నగారు దాన్ని అంతఃపటమనేవారు. ఆయన రామభద్రరావుగారని, తెలుగు పండితులు. పెళ్లి పందిట్లో అంత రద్దీలోనూ కన్యకు ఏకాంతమంటూ దొరికేది ఆ పటం వెనక గడిపే నాలుగు నిమిషాలేనమ్మా అనేవారు. ఆ మాట మనసులో నిలిచిపోయి, ఆ పిల్ల కళ్ల ముందు నిర్మలమైన తెలుపు తప్ప మరేమీ ఉండకూడదని అస్తరు వేస్తున్నాను.

తెలుపు లేదా? బొమ్మలున్నాయా? ఏం బొమ్మలు?

ఆగండాగండి. మొదటి నుంచి చెప్పండి.

జీలకర్ర బెల్లం చేత పట్టుకుని మీ దేవిశ్రీ తల వంచుకుని కూర్చుంది. మంగళాష్టకాలు సాగుతున్నాయి. అంతలో అమ్మాయి భుజాలు కదిలాయి. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవతల పక్క తెర పట్టుకున్న పెళ్లికొడుకు మేనత్త అది చూసి, పిల్ల ఏడుస్తోందనుకుంది. భోజనాల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట వరసలన్నీ తిరిగింది. పిల్లకు ఇష్టం లేదట, బలవంతపు పెళ్లట. అంతేనా?

అయ్యో. ఆ విస్తళ్ల మధ్య మీరు ఒక్కొక్కరికీ నచ్చజెప్పుకుంటూ తిరిగారా? పెళ్లికూతురి తల్లికి ఆ పూట ఎన్ని పనులుంటాయి, మధ్యలో ఈ తక్లీఫ్ ఒకటి.

నవ్విందా? ఏడవలేదు కదా, నవ్వు ఆపుకోలేకపోయింది కదా? పోనీలెండి. కాదు, పోనీ అనకూడదు. మీ బాధ మీది.

నల్లని గీతలా? అయితే ఇంకెవరు, మా నీహారికే. నేను అంచులు దిద్దే పెన్ను అది. ఉతికినా పోదు. నాలుగేళ్ల పిల్లకు పోయే రంగులు ఇంటినిండా ఉన్నాయి, ఆ పోని పెన్నే కావలసి వచ్చింది.

ఎలా జరిగిందో ఇప్పుడు నాకు తెలుస్తోంది. ఆ వారం చిన్నవాడికి పళ్లొచ్చే జ్వరం. అస్తరు కత్తిరించి మంచం మీద పరిచి, వాణ్ణెత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. వెనక ఈ పిల్ల తీరిగ్గా కూర్చుని వేసిందన్నమాట. వచ్చాక వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకునే మిషను తొక్కాను. కుట్టేటప్పుడు రెండు గుడ్డల మంచి ముఖాలూ లోపలికుంటాయి కదా, గీసినవైపు లోపలికి పోయింది. నాకు కనబడలేదు. కుట్టంతా అయ్యాక సంచీలా తిప్పాలి. ఆ తిప్పింది మా ఆయన. తిప్పి, మడత పెట్టి, మీ ఇంటికి తెచ్చిచ్చిందీ ఆయనే.

ఆయనకు కనబడలేదా అంటారా? కనబడింది. ఆ పూట నేను పిల్లవాడి నోట్లో మందు పోస్తుంటే, గుమ్మంలో నిలబడి ఏదో అన్నారు. నేను “ఊఁ” అన్నాను. ఇప్పుడు జ్ఞాపకమొస్తోంది ఆయనన్నది. “ఎనుక ఈ బొమ్మలు మంచిగున్నయ్, కొత్త డిజైనా?” అన్నారు. రైల్వే పార్సిలాఫీసులో చేసే మనిషి, నేనేది వేస్తే అదే ఫ్యాషననుకుంటారు. ఆయన్నేమనను? ఊఁ అన్నది నేను.

నవ్వండి, ఫరవాలేదు. మీరు నవ్వితే నాకు కొంచెం ఊపిరాడుతోంది.

తెచ్చారా? ఇలా ఇవ్వండి. అస్తరు విప్పి కొత్తది వేసిస్తాను. అద్దం కట్టించి వియ్యాలవారు గోడకు పెట్టుకుంటామన్నారంటున్నారు కదా, ఆ మాత్రం చెయ్యడం నా ధర్మం. రేపటికల్లా ఇస్తాను. చూడనివ్వండి ఒకసారి, మీ అమ్మాయిని అంతగా నవ్వించిన చిత్రమేమిటో.

ఓహో. ఇది మా ఆయన. ఫ్యానుకంటే ఎత్తుగా ఉన్నారు, మీసం చెవులు దాటిపోయింది. దేవిశ్రీ నవ్విందంటే నవ్వదూ మరి. ఇది మా అత్తగారు. బొట్టే ముఖమంత ఉంది. నోరు తెరిచే ఉంది, మాట్లాడుతున్నట్టు. చూశారా, ఎంత గమనిస్తుందో. ఈ గుండ్రటిది చిన్నవాడు, ఏడుస్తున్నాడు, కన్నీళ్లు నేల దాకా కారుతున్నాయి. ఇది నీహారిక, తనే. రెండు పిలకలు, గౌను. తన చేతిలో పువ్వు కూడా పెట్టుకుంది.

ఈ మూలన నల్లగా ఏమిటది? మీరేమనుకున్నారు? కుండా? నేను తాబేలనుకున్నాను. దాని మీద పొడుగ్గా తాడేదో వేలాడుతోంది.

తాడు కాదు.

జడ అది.

ఇదిగో ఈ గీత నేను బొమ్మలేసే బల్ల. ఈ చతురస్రం కిటికీ. ఇది వీపు సుకన్యగారూ. నేనే. అందరికీ కళ్లూ ముక్కూ నోరూ పెట్టింది. పాలు తాగే పసివాడికి కూడా పెట్టింది. నన్ను ఇలాగే ఎరుగును గనక ఇలాగే వేసింది. దానిలో నిష్ఠూరమేమీ లేదు. చూడండి, జడకు రబ్బరుబ్యాండు కూడా వేసింది, ఎంత శ్రద్ధగా.

లేదండీ, ఏడవడం లేదు. ఏడ్చే ఓపిక కూడా లేదు నాకు. రంగుల వాసనకు కళ్లిలా అవుతుంటాయి.

మీరు పెద్దవారు, ఇద్దరు ఆడపిల్లల్ని పెంచినవారు. మీరన్న మాట మంచి మాటే. బల్ల ఇటు తిప్పి వేసుకో, పిల్ల ఎదురుగా ఉండేట్టు కూర్చో, అలాగని మాటిస్తే మా చెల్లెలి కూతురి పెళ్లి తెర కూడా నీకే చెబుతాను, మీ అత్తగారితోనూ నేను మాట్లాడతాను అంటున్నారు. ఇంతకంటే ఎవరేం చేస్తారు? కోప్పడటానికి వచ్చి, పని ఇచ్చి వెళతానంటున్నారు.

అందుకే మీతో అబద్ధమాడలేకపోతున్నాను.

అందరికీ ఏమని చెప్పానో తెలుసా? ఈ గోడ దగ్గరైతేనే వెలుతురని. అమ్మవారి కనుబొమ్మ దిద్దాలంటే ఈ కిటికీయే కావాలని. మా ఆయన నమ్మారు. మా అత్తగారు సగం నమ్మారు. పక్క గదిలో తూర్పు కిటికీ ఉంది. వెలుతురు ఇంతకు రెట్టింపు. అక్కడ కూర్చుంటే గుమ్మం ఎదురుగా పిల్లలిద్దరూ కళ్ల ముందే ఉంటారు.

పని షురూ చేసిన కొత్తలో అక్కడే కూర్చున్నాను. కన్నెత్తితే చాలు, ఎవరికో ఏదో కావాలి. నీళ్లు, బిస్కెట్టు, తగువుకు తీర్పు. ఏమీ అక్కర్లేకపోయినా ఊరికే నా ముఖం వంక చూస్తూ నిలబడేది పిల్ల. ఆ చూపుకు జవాబుగా నవ్వాలి కదా. నవ్వి మళ్లీ కుంచె ఆనించేసరికి చెయ్యి మారిపోయేది. దేవి ఒక కన్ను ఒకలా, ఇంకో కన్ను ఇంకోలా వచ్చేది. ఒకనాడు ఎవరూ లేనప్పుడు బల్లను ఈడ్చుకొచ్చి ఈ గోడకు చేర్చాను. వెలుతురు కోసం కాదు. వీపు పెట్టడం కోసమే.

పొద్దస్తమానం నా ముఖం ఇంట్లో అందరిదీ. ఎవరికి అలిగిన ముఖం కావాలన్నా, ఓదార్చే ముఖం కావాలన్నా, అప్పటికప్పుడు తొడుక్కుని చూపిస్తూనే ఉంటాను. ఈ గోడ ముందు కూర్చున్న కాసేపే అది ఎలా ఉంటే అలా ఉంటుంది. ఆ కాసేపట్లోనే మీ పార్వతి నవ్వు అలా వచ్చింది. ఆ నవ్వు బాగుందని పెళ్లిలో అందరూ అన్నారన్నారు కదా. అది పిల్లకు ముఖం చాటేసి వేసిన నవ్వు.

వెనక నుంచి పిలుస్తుంది నీహారిక. వినపడుతుంది నాకు. మూడోసారి పిలిచేదాకా పలకను.

అదిగో, మెట్ల మీద వాళ్ల మాటలు. వచ్చేశారు. బల్ల తిప్పుతానని మీకు మాటివ్వగలను, మీరు వెళ్లాక మరిచిపోనూగలను. ఇవ్వను. ఇవాళ ఆ బొమ్మ చూశాక కూడా తిప్పాలనిపించడం లేదంటే, నేనెలాంటిదాన్నో మీరే అనుకోండి.

మా అత్తగారు అడుగుతారు, ఎందుకొచ్చారమ్మా అని. ఆవిడతో ఏం చెబుతారో, ఆ రెండో తెర ఎవరికిస్తారో, మీ ఇష్టం. నేను మాత్రం ఈ బల్లను జరపను.