గడప తొక్కలేదు

దర్జీకి ఈ వయసులో తట్టు పోసింది. వెనకగదిలో తలుపు వేసుకుని కూర్చున్నాడు. మనిషిని బయటికి రానివ్వకపోయినా గొంతుని ఆపగలిగినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. తలుపుకి ఇవతల, ముందుగదిలో, ముక్కూ నోరూ మూసుకుని ఆరోగ్యశాఖ అమ్మాయి, ఆమెకి ఎదురుగా దర్జీ భార్య.

"అయితే ఆ స్కూల్లో యూనిఫారాలకి ఎంతమందికి కొలతలు తీశారు బాబాయిగారూ?"

"మూడో తరగతి మొత్తానికీనమ్మా. టేపు తగిలితే చాలు, కితకితలని ఒకటే మెలికలు. అందులో ఒకడు నా మొహం మీదే తుమ్మాడు. వాడే అయ్యుంటాడు."

"వాడే. వాణ్ణి పట్టుకునే మీ దాకా వచ్చాం. ఇప్పుడు మీ దగ్గర్నుంచి ఇంకెవరికి వెళ్ళిందో చూడాలి. మీకు మచ్చలు బుధవారం కనిపించాయి కదా? అంతకు ముందు నాలుగు రోజుల నుంచే ఇది పక్కవాళ్ళకి అంటుకుంటుంది. అంచేత శనివారంతో మొదలుపెట్టి, ఎవరెవరిని కలిశారో వరసగా చెప్పండి."

"మచ్చలు రాకముందే అంటుకుంటుందా?"

"అదే దీంతో వచ్చిన చిక్కు."

"అదేం చోద్యం. నాకు వచ్చిందని నాకే తెలీకముందు ఇంకోళ్ళకి ఎలా ఇస్తానమ్మా?"

"ఏవండీ, ఆ అమ్మాయిని అడగనివ్వండి. మీరు చెప్పండి చాలు."

"చెప్తున్నాగా. శనివారం పొద్దున్న షాపు. ఒకావిడ జాకెట్టు బిగుతయిందని దెబ్బలాడింది. నా కుట్టు బిగుతవలేదు, ఆవిడే లావెక్కింది. ఆ మాట అనలేక విప్పి కుట్టాను."

"ఆవిడ వివరాలు రాసుకున్నాను. సాయంత్రం?"

"సాయంత్రం ఇద్దరు పాంట్లు పొట్టి చేయించుకున్నారు. అంతే. రాత్రి ఇంటికొచ్చి పడుకున్నా."

"పిన్నిగారూ, ఇంట్లో మీరొక్కరేనా? మీకు ఇదివరకు వచ్చిందా?"

"నాకు చిన్నప్పుడే వచ్చి పోయిందమ్మా. మా ఇంట్లో పిల్లలందరికీ ఒకేసారి పోసింది. వరసగా పడుకోబెట్టారు."

"అయితే మీకు భయం లేదు. ఆదివారం, బాబాయిగారూ?"

"ఆదివారం ఏముంటుంది. షాపు కట్టేశాం."

"ఇంట్లోనే ఉన్నారా?"

"ఇంట్లోనే."

"ఇంట్లోనా? ఏవండీ, భోంచేసి చొక్కా వేసుకుని వెళ్ళారు కదా. దువ్వెన కోసం వెతికారు కూడా."

"ఓ, అదా. గుండీలు కొనడానికి వెళ్ళా."

"గుండీల కొట్టు ఆదివారం తియ్యరు."

"తియ్యలేదు. అందుకే కొనలేదు. వెనక్కి వచ్చేశా."

"చీకటి పడ్డాక వచ్చారు."

"ఏమే, అడిగేది ఆ అమ్మాయా, నువ్వా? నడుచుకుంటూ వచ్చానమ్మా. డాక్టరు నడవమన్నాడు."

"దారిలో ఎవరితోనైనా మాట్లాడారా? ఒకే గదిలో కాసేపు కూర్చున్నా సరే. ఇది ముట్టుకుంటేనే అంటుకునే జబ్బు కాదు, గాలిలో ఉంటుంది. మీరు లేచి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గదిలోనే ఉంటుంది."

"మనిషి వెళ్ళిపోయాక కూడానా?"

"అవును."

"తలుపులన్నీ తీసుంచితే?"

"కాస్త తగ్గుతుంది. ఎందుకండీ? ఎవరింట్లో తీసుంచారు?"

"ఎవరింట్లోనూ లేదు. ఊరికే, తెలుసుకుందామని."

"సరే. సోమ, మంగళవారాల్లో షాపుకి వచ్చినవాళ్ళ వివరాలు మీ దగ్గర పనిచేసే కుర్రాడు చెప్పాడు. అతనికి టీకా వేయించాం. ఇంకోటి అడగాలి. మీ షాపుకి సరిగ్గా ఎదురుగా ఇంకో టైలరింగు షాపు ఉంది, పెద్ద బోర్డుతో. వాళ్ళతో ఏమన్నా..."

"వాళ్ళ ఊసు ఎత్తకమ్మా."

"ఎత్తాలి కదండీ, రోడ్డుకి అటూ ఇటూ ఉన్నారు."

"ఎత్తొద్దన్నానా? వాడు నా దగ్గర కాజాలు కుట్టడం నేర్చుకున్నాడు. సూదిలోకి దారం ఎక్కించడం రాని వెధవకి కత్తెర చేతికిచ్చి మనిషిని చేశాను. చేస్తే ఏం చేశాడు? నా ఎదురుగానే బోర్డు పెట్టాడు. నా బోర్డు కంటే రెండింతలు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు కూడా ఆ లైట్లు చూసి అటే తిరిగిపోతున్నారు."

"అతను మా అల్లుడమ్మా."

"అల్లుడా?"

"మా ఒక్కగానొక్క కూతుర్ని ఇచ్చింది ఆ అబ్బాయికే. ఈయనే ముచ్చటపడి చేశారు. ఆ బోర్డు పెట్టిన రోజున ఈయన వీధిలో నిలబడి, జన్మలో మీ గడప తొక్కనని అరిచి వచ్చారు. నన్నూ తొక్కొద్దన్నారు."

"అవును, అన్నాను. అన్న మాట మీదే ఉన్నాను. రాసుకో అమ్మా, గడప తొక్కలేదు."

"రాసుకున్నాను. పోనీలెండి, ఒకందుకు మంచిదే అయింది. ఆ ఇంట్లో చంటిపిల్లలు ఎవరైనా ఉంటే చాలా కంగారు పడాల్సి వచ్చేది."

"చంటిపిల్లలకి ఏమవుతుంది?"

"పెద్దవాళ్ళకి ఒళ్ళంతా మచ్చలొచ్చి పోయేది, వాళ్ళకి ఊపిరితిత్తులకి దిగొచ్చు. ఒక్కోసారి ప్రాణం మీదికొస్తుంది. అయినా మీరు వెళ్ళలేదన్నారుగా. మరి నేను లేస్తాను పిన్నిగారూ, ఇంకా ఆ జాకెట్టావిడ దగ్గరికి వెళ్ళాలి."

"ఆగమ్మా, ఆగు. టీకా ఉంటుందిగా? పిల్లలందరికీ వేస్తారుగా?"

"తొమ్మిది నెలలు నిండాక వేస్తారు. అంతకంటే చిన్నవాళ్ళకి ఉండదు."

"మూడు నెలల పిల్లకి?"

"ఏ పిల్లకి?"

"ఏ పిల్లకనీ కాదు. మాటవరసకి మూడు నెలల పిల్ల ఉందనుకో."

"మాటవరసకి ఆడపిల్లే ఎందుకయిందండీ?"

"నువ్వుండవే. చెప్పమ్మా, మూడు నెలలైతే ఏం చేస్తారు?"

"అలాంటి పిల్లలకి వేరే సూది ఉంది. పెద్దాసుపత్రిలోనే వేస్తారు. కానీ జబ్బుమనిషి దగ్గర ఉన్న రోజు నుంచి ఆరు రోజుల్లోపు పడాలి. ఆ తర్వాత వేసినా ఉపయోగం లేదు."

"ఆరు రోజులంటే, ఆదివారం నుంచి లెక్కేస్తే..."

"ఇవాళ్టితో సరి. బాబాయిగారూ, ఆదివారం నుంచి ఎందుకు లెక్కేస్తున్నారు?"

"వేళ్ళు ఖాళీగా ఉండి లెక్కేశా."

"ఏవండీ, పోయిన వారం మిషను మీద గుప్పెడంత గౌను కుట్టారు. పూల గుడ్డ. చుట్టూ లేసు కూడా పెట్టారు. అదెవరికి?"

"షోకేసులో బొమ్మకి."

"మన షోకేసులో బొమ్మకి తల లేకపోయినా నా అంత ఉంటుంది."

"చిన్న బొమ్మ ఇంకోటి కొందామని."

"బాబాయిగారూ, వినండి. మీరెక్కడికి వెళ్ళారో, ఎందుకు వెళ్ళారో నాకు అక్కర్లేదు. మీ తగువులు నేను రాసుకోను. అక్కడ చంటిబిడ్డ ఉందా లేదా, అదొక్కటే చెప్పండి. ఆసుపత్రిలో ఆ సూది ఇచ్చే గది ఇంకాసేపట్లో మూసేస్తారు. మీరు మాట దాస్తే మీ పరువు నిలబడుతుందేమో. ఆ బిడ్డకి ఏమన్నా అయితే అప్పుడు ఎవరికి చెప్పుకుంటారు?"

"ఎంతసేపట్లో మూస్తారమ్మా?"

"బాబాయిగారూ?"

"ఏమే."

"ఊఁ."

"నువ్వు కాస్త వీధిలోకి వెళ్ళి కూరగాయల బండి వచ్చిందేమో చూసిరా."

"పొద్దున్నే వచ్చి వెళ్ళింది. నేను ఇక్కడి నుంచి కదల్ను. చెప్పేదేదో నా ముందే చెప్పండి."

"నేను గడప తొక్కలేదమ్మా. ఆ మాట అబద్ధం కాదు. తొక్కలేదు, దాటాను."

"దాటారా?"

"కాలు ఎత్తి అవతల పెట్టాను. తొక్కడం వేరు, దాటడం వేరు. వాడు ఆదివారం కూడా షాపు తీస్తాడు. బజారంతా ఓ చుట్టు తిరిగి, వాడు షాపులో ఉన్నప్పుడు చూసుకుని వెళ్ళాను. నా కూతురు తలుపు తీసి ఒక్క మాట కూడా అనలేదు, తీసుకొచ్చి చేతుల్లో పెట్టింది. నేనేం చెయ్యను? పెట్టాక కింద పడెయ్యమంటావా? నా వేలు పట్టుకుందమ్మా ఆ పిల్ల. ఇంత వేలు, ఇంత చెయ్యి. జీవితమంతా కొలతలు తీశాను గానీ అంత చిన్న మణికట్టు ఎప్పుడూ కొలవలేదు. నా తల్లికి ఏమన్నా అయితే నేను బతకను. పరిగెత్తు, పరిగెత్తమ్మా, ఎదురుషాపు వెనకాల మెట్లెక్కితే ఇల్లు. పచ్చ తలుపు."

"ఆదివారం ఒక్కరోజేనా?"

"ఒక్కరోజే."

"మంగళవారం?"

"మంగళవారం కూ... ఏమే, నీకెలా తెలుసు?"

"పిన్నిగారూ, మీతో తర్వాత మాట్లాడతాను. నేను వెళ్ళి బిడ్డని ఆసుపత్రికి..."

"కూర్చోమ్మా. సూది గురువారమే వేయించేశాం. ఈయనకి తట్టు అని డాక్టరు చెప్పాడో లేదో, అటునుంచి అటే బిడ్డని ఎత్తుకుని ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడివాళ్ళు మూడు వారాలు కనిపెట్టి చూడమన్నారు. పొద్దున్న కూడా కబురు తెలుసుకున్నా. జ్వరం లేదు, దగ్గు లేదు, పాలు తాగుతోంది."

"వేయించాం అంటున్నావు. ఎవరెవరు వేయించారు?"

"నేనూ, అమ్మాయీ, అల్లుడూ. అల్లుడే ఆటో తెచ్చాడు. షాపు మూసేసి మరీ వచ్చాడు."

"మరి అంతా తెలిసి ఇందాకటి నుంచి నన్ను ఇలా కూర్చోబెట్టారేంటి పిన్నిగారూ?"

"తప్పేనమ్మా, ఏమీ అనుకోకు. బిడ్డ కోసమైనా ఈయన నోరు తెరుస్తారా లేదా అని చూశాను. తెరిచారు. నాకది చాలు."

"ఆగవే, ఆగు. నేను వెళ్ళానని అమ్మాయి చెప్పిందా? చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాను కదా."

"అది ఒట్టు తప్పలేదు. నాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు."

"అల్లుడు చెప్పాడా?"

"అతనికి గురువారం దాకా తెలీదు."

"మరి చొక్కా వాసన చూసి కనిపెట్టావా ఏమన్నా?"

"వాసనేం చూడలేదు."

"అయితే ఎవరూ చెప్పకుండా, నేను వెళ్ళింది, ఏ రోజు వెళ్ళింది, బిడ్డని ఎత్తుకుంది, ఇదంతా నీకెలా తెలుస్తుంది?"

"అమ్మా, నీ పుస్తకంలో ఆదివారం కింద నా పేరు కూడా రాసుకో. మంగళవారం కింద కూడా. ఏవండీ, మీరు ఇల్లు కదలగానే నేనూ అటే వెళ్ళేదాన్ని. మీరు మెట్లెక్కుతున్న చప్పుడు విన్నప్పుడల్లా మన అమ్మాయి నన్ను వంటింట్లోకి తోసి తలుపు వేసేది. ఆదివారం మీరు గంటసేపు ఆ పిల్లని జోకొడుతూ కూర్చున్నారు చూడండి, ఆ గంటా నేను తలుపు వెనకాల నుంచునే ఉన్నాను."